నిటారుగా ఉన్న పగడం

బావగారికి,

సోమవారం సముద్రపు గోడకు కాంక్రీటు పోయించకండి. తప్పు నాది.

కొండ అంచున రాయిగా మారిన పగడం ఉంది కదా, దాన్ని ఏదో తుఫాను కింది నుంచి విసిరేసిందని నా నివేదికలో రాశాను. అందుకే గోడ ఎత్తు లెక్కలోకి తీసుకోలేదు. నిజానికి ఆ రోజు వాన. నేను పైకి ఎక్కలేదు. కింద నుంచి తీసిన ఫోటో చూసి రాసేశాను.

నిన్న ఎక్కాను. నాచు గీకి చూశాను. ఆ పగడం ఎక్కడి నుంచో కొట్టుకొచ్చింది కాదు. అడుగురాతిని పట్టుకుని అక్కడే నిటారుగా పెరిగింది. పగడం నీళ్ళలోనే పెరుగుతుంది. అంటే వెనకటికి భూమి వేడెక్కినప్పుడు సముద్రం అంత ఎత్తుకూ వచ్చిందన్నమాట. మీ గోడ అందులో సగం కూడా లేదు.

అక్కకు ఫోన్ చేస్తే, "ఆయన పరువు పోతుందే, కాస్త ఆగు" అంది. వెనకాల పిల్లల అల్లరి వినిపిస్తోంది. ఆ గోడ వెనక వీధిలోనే కదా మీ ఇల్లు! ఆగలేకపోయాను.

పొద్దున్నే తప్పు ఒప్పుకుంటూ మీ పై అధికారికి కాగితం ఇచ్చేశాను. ముందు మిమ్మల్ని అడగాల్సింది. మీరు వద్దంటే ఇవ్వలేనేమోనని భయపడ్డాను.

మీ మరదలు