ఊట పక్కన పదిహేడుమంది

హాస్లింగ్‌డెన్, లాంకషైర్
1996 ఫిబ్రవరి 9

ప్రియమైన లోరీనా గారూ,

ఈరోజు పనులు: దుప్పట్లు మూడు ఉతికాను. గుమ్మం మెట్లు రుద్దాను. నారింజ మార్మలేడ్ ఆరు సీసాలు పట్టాను. ఏటా ఫిబ్రవరిలో చేసినట్టే, ఏడేళ్ళు దాటిన బిల్లులు నాలుగు కట్టలు కట్టి పాత కాగితాల బండికి వేశాను. క్లిఫర్డ్ పోయి మూడు నెలలైంది, ఆయన గదిలో మాత్రం ఇంకా చెయ్యి పెట్టలేదు.

మీ యుద్ధభూమిని ఎకరమెకరంగా కొని కాపాడే నిధికి మా అమెరికా అంతర్యుద్ధ చరిత్ర క్లబ్బు తొమ్మిదిమందిమీ కేకులమ్మి పోగుచేసిన చెక్కు ఇందులో ఉంది. ఆ యుద్ధభూమి చూడాలని మేమిద్దరం నాలుగుసార్లు టికెట్లకు కూడబెట్టాం. ప్రతిసారీ అక్కడ ఏదో ఒక ఎకరం అమ్మకానికొచ్చేది. "ఈసారికి ఎకరం కొందాం మావిస్, వచ్చే ఏడు మనం వెళ్దాం" అనేవారు. "ఎకరానికేం, కాళ్ళొచ్చి పారిపోతుందా?" అని దెప్పేదాన్ని.

మీ,
మావిస్ ఆగ్డెన్

కోల్టర్ వాగు, టెనెసీ
ఫిబ్రవరి 21

ప్రియమైన మావిస్,

ఎకరానికి కాళ్ళొచ్చాయమ్మా. యుద్ధభూమిలో ఊట పక్క నేలను గోదాములు కట్టేవాళ్ళు కొనేశారు. మార్చి 14న కౌంటీ బోర్డు విచారణ. అక్కడ సమాధులున్నాయని రుజువైతే పార పెట్టడానికి వీల్లేదు. ఆ రుజువు క్లిఫర్డ్ దగ్గరుంది.

మీ ఊరినుంచి వచ్చి మా అంతర్యుద్ధంలో పోరాడిన నేతపనివాడు 1863లో తల్లికి రాసిన ఉత్తరం అది. తనతోపాటు వచ్చిన పదిహేడుమందిని ఊటకు తూర్పున పాతిపెట్టామని, పేర్లతో సహా రాశాడు. మీ క్లబ్బు పత్రికలో అచ్చయిన నకలు చూపిస్తే బోర్డువాళ్ళు "అసలు కాగితం తెండి" అన్నారు. వెతికి వెంటనే పంపండి.

ఒక్కసారీ కాలు తడవకుండానే మా వాగు వంపులన్నీ తెలిసిన మనిషి ఆయన. ఆ కాగితం భద్రంగానే దాచి ఉంటారు.

ప్రేమతో,
లోరీనా ప్రూయిట్

హాస్లింగ్‌డెన్
మార్చి 3

ప్రియమైన లోరీనా,

భద్రంగానే దాచారు. ఆయన డైరీలో ఇలా రాసి ఉంది: "గ్రిమ్‌షాగారిచ్చిన ఉత్తరం మావిస్ గ్యాసు బిల్లుల ఫైల్లో, అట్టకిందున్న బిల్లు వెనక పెట్టాను. ఈ ఇంట్లో అంతకన్నా క్షేమమైన చోటు లేదు. ఆమె చేతిలోంచి ఏదీ పోదు."

అట్టకింద ఉండేది అన్నిటికన్నా పాత బిల్లు. దాన్నే ముందు తీసేస్తాను. ఫిబ్రవరి 9న నేనే తాడు బిగించి ముడేశాను.

కాగితాల గోదాముకు వెళ్ళాను. "అవా? ఈపాటికి గుడ్ల అట్టలైపోయి ఉంటాయి తల్లీ" అన్నాడతను. అక్కడున్న కట్టలమీద కూర్చున్నాను. టీ ఇచ్చాడు.

ఉత్తరమిచ్చిన గ్రిమ్‌షా ముసలమ్మ ఆ నేతపనివాడి మనవరాలు. ఏదో ఒకరోజు ఆ నేలమీదే నిలబడి పదిహేడు పేర్లూ చదువుతానని క్లిఫర్డ్ ఆమెకు మాటిచ్చారు. ఆమె పోయింది, ఆయనా పోయారు. మేం చదివే పేర్ల జాబితా పంపుతున్నాను. ఏటా ఏప్రిల్ 11న మా చర్చి హాల్లో మేం చదివినట్టే నువ్వు ఆ నేలమీద చదువు. ఒక్కో పేరుకీ ఎవరో ఒకరు "ఉన్నాను" అనాలి. నన్ను క్షమించమని అడగను.

మావిస్

కోల్టర్ వాగు
మార్చి 19

ప్రియమైన మావిస్,

ఓడిపోయాం. "కాగితం లేనిదే సమాధి లేదు" అని తేల్చేశారు.

నిన్న పొద్దున మట్టి తవ్వే యంత్రాలకన్నా ముందే వెళ్ళాను. వానలో మేం ఐదుగురమే. పేర్లు చదువుతుంటే యంత్రం డ్రైవరు ఇంజను ఆపి దిగాడు. "ఏంటమ్మా ఇది, ఎవరికోసం?" అన్నాడు. చెప్పాను. టోపీ తీసేశాడు. పదహారు పేర్లకు మాలో ఎవరో ఒకరం పలికాం, పదిహేడో పేరుకు అతనే "ఉన్నాను" అన్నాడు. తర్వాత వెళ్ళి ఇంజను స్టార్ట్ చేశాడు. అతని ఉద్యోగం అది.

పద్దెనిమిదోదిగా క్లిఫర్డ్ పేరు కూడా చదివాను. దానికి మాత్రం ఎవర్నీ పలకనివ్వలేదు. అది నీ వంతు.

నీ,
లోరీనా

హాస్లింగ్‌డెన్
ఏప్రిల్ 11

ప్రియమైన లోరీనా,

హాల్లో కుర్చీలు పన్నెండు వేశాను. ఎనిమిదిమందిమి వచ్చాం. పదిహేడు పేర్లూ అయ్యాక ఆయన పేరు నేనే చదివాను. నేనే "ఉన్నాను" అన్నాను. గట్టిగా రాలేదు.

గ్యాసు బిల్లుల ఫైలు ఇక ఖాళీ చెయ్యను. నేను పోగొట్టినదానికి నా జమాఖర్చుల పుస్తకంలో గడి లేదు, అది నాతోనే ఉంటుంది. ఇంటికొచ్చి ఈ ఒక్కటే రాసుకున్నాను: గ్రిమ్‌షాగారికి క్లిఫర్డ్ ఇచ్చిన మాట, మార్చి 18, ఊటకు తూర్పున, లోరీనా నోట. తీరింది.

నీ,
మావిస్