లాస్ట్ నేమ్ ఖాళీ

అక్టోబర్ 10, 2022, సోమవారం

ఒళ్ళు మండిపోతోంది. ఆఫీసులో ఏసీ బాగుచేయడానికి వచ్చిన జలంధర్, నేను ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే విని ఆగాడు. మా కంపెనీ మనిషే, జగిత్యాల వైపు. ఈ గల్ఫ్ దేశంలో జరగబోయే ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ముందు లేబర్ క్యాంపు వాళ్ళను బ్యాచ్‌లుగా లీవు మీద ఇంటికి పంపుతున్నారు. ఇతని పేరు మాత్రం రావడం లేదు. భార్య సునందకు నెలలు నిండుతున్నాయి. ఈ బ్యాచ్ తప్పితే మళ్ళీ జనవరే. క్యాంప్ ఆఫీసులో అడిగితే సిస్టంల నువ్వు లేవు, మాఫీ (అరబ్బీలో ‘లేదు’) అన్నరు, నేను ఈడనే నిలబడి ఉన్న గద మేడం అన్నాడు.

అక్టోబర్ 11

దొరికింది. అందరి వివరాలూ క్లౌడ్ డేటాబేస్‌లో ఉంటాయి. రోజూ మా టీమ్ వాళ్ళం వాటిని వేర్‌హౌస్ అనే ఇంకో డేటాబేస్‌లోకి కాపీ చేస్తాం. ఎవరెవరికి లీవో తెర మీద చూపించే డాష్‌బోర్డ్ చూసేది వేర్‌హౌస్‌నే. అక్కడ లాస్ట్ నేమ్ ఖాళీగా ఉండకూడదని రూల్. జలంధర్ పాస్‌పోర్టులో ఉన్నది ఒక్క పేరే. అతనే కాదు, అటునుంచి వచ్చినవాళ్ళు చాలామంది అంతే. ఇంటిపేరు లేని ప్రతి మనిషినీ ఆ కాపీ చేసే పైప్‌లైన్ వదిలేసి, అంతా సరిగ్గానే ఉన్నట్టు పైన పచ్చ లైటు వెలిగిస్తోంది. ఎర్రర్ వస్తే ఆగొద్దు, స్కిప్ చెయ్యి అని సెట్టింగ్ పెట్టించింది మా మేనేజర్ చెరుకుపల్లి రామకృష్ణారావుగారు.

అక్టోబర్ 12

ఆయనకు చెప్పాను. టోర్నమెంట్ అయ్యేదాకా చేంజ్ ఫ్రీజట. కోడ్ ముట్టుకోకూడదట. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడే వాళ్ళు ఇంటిపేరు రాయించుకోవాల్సిందట. తొంభై తొమ్మిది శాతం వచ్చాయి కదా ధాత్రీ, చాలదా అన్నారు. ఆ మిగిలిన ఒక్క శాతంలో ఆయన తమ్ముడుంటే ఇలాగే అనేవారా?

అక్టోబర్ 13, మధ్యాహ్నం

తమ్ముళ్ళనే చేద్దాం.

కోడ్ ముట్టుకోను, సరే. వివరాలు దిద్దడం క్యాంపు క్లర్కు ముఖ్తార్ పని. ఫోన్ చేశాను. ఖాళీల్లో ఏం రాయాలని అడిగాడు. చెరుకుపల్లి అని రాయమన్నాను.

అక్టోబర్ 16, ఆదివారం

క్లయింట్ ముందు సారు డాష్‌బోర్డ్ తెరిచారు. జలంధర్ చెరుకుపల్లి. మల్లన్న చెరుకుపల్లి. రాజేందర్ చెరుకుపల్లి. తెర నిండా వాళ్ళే. మీ ఫ్యామిలీ అంతా ఇక్కడే పనిచేస్తోందా అని క్లయింట్ ముచ్చటపడ్డాడు. సారు చూసిన చూపుకు నేను భస్మమైపోవాలి. కాలేదు.

లంచ్‌కి ముందే ఫ్రీజ్ నుంచి మినహాయింపు వచ్చింది. రూల్ తీసేశాను. ముఖ్తార్ ఖాళీలను మళ్ళీ ఖాళీ చేశాడు. సాయంత్రానికి జలంధర్ తన ఒక్క పేరుతోనే డాష్‌బోర్డ్‌లో కనిపించాడు, లీవ్ అప్రూవ్డ్ అని.

నాకు వార్నింగ్ లెటర్ ఇస్తారట. ఇవ్వనీ. ఒక్క పేరున్నవాడు మనిషి కాడా?

నవంబర్ 15

జలంధర్ ఊరి నుంచి వాట్సాప్ కాల్ చేశాడు. ఆడపిల్ల. పేరింకా పెట్టలే మేడం, ఇంటిపేరు మాత్రం దవాఖాన్లనే రాయించిన అన్నాడు.

గుండేటి.