నందిగామ గేజిలో పడిన వాన

జులై 21

పుష్యమి కార్తె వచ్చింది. వాన రాలేదు. మా ఆయనకి కళ్ళు పసుపు ముద్దలయ్యాయి. పచ్చకామెర్లట. మంచం దిగొద్దన్నాడు డాక్టరు. ఈయనకి ఒంటి బెంగ లేదు, తాలూకా ఆఫీసు ఆవరణలో వాన కొలిచే గేజి బెంగ! "రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి చూడాలే, ఎవరు చూస్తారే..." ఒకటే గోల. కాఫీ గ్లాసు ఎత్తుకునే ఓపిక లేని మనిషి. నేను చూస్తానన్నాను. పదో తరగతి పాసయ్యాను. గ్లాసు మీద గీత చదవలేనా?

జులై 22

వెళ్ళాను. నడుం ఎత్తు కూడా లేని రేకు గొట్టం. పైన గరాటు, లోపల సీసా. సీసాలో నీళ్ళు కొలత గ్లాసులో పోసి, గీత చూసి రాయాలి. నీళ్ళుంటే కదా. ఇవాళ ఒక చీమ ఉంది. చచ్చిన చీమ. "నిల్" అని రాశాను. పెద్ద గుమాస్తా గారు రిజిస్టరు నా వైపు జరిపారు. "మీవారైతే ఏంటి, మీరైతే ఏంటమ్మా. గీత గీతేగా" అన్నారు. మంచాయన.

జులై 23

నిల్.

జులై 26

నిల్. పక్కింటి బీబమ్మ ప్రహరీ మీంచి నేల ఉసిరి అందించింది. మజ్జిగలో నూరి ఇవ్వమంది. ఉప్పులేని చప్పిడి తిండి తినలేక ఈయన మొహం చూడాలి... చంటిపిల్లాడు నయం.

జులై 29

పెరుగు ముంత వచ్చింది. అన్నయ్య వీరులపాడు బస్సులో వారం వారం పంపుతాడు, కండక్టరు మన స్టాపులో దించుతాడు. ఈసారి ముంత సగమే. "గేదె పాలు తగ్గించేసింది, మేత లేదంట" అన్నాడు కండక్టరు. ఈయనకి మజ్జిగే గానీ గడ్డ పెరుగు వద్దన్నాడు డాక్టరు, నేనొక్కదాన్నే తిన్నాను. అమ్మ పోయాక పుట్టిల్లంటే నాకు ఆ ముంతే.

ఆగస్టు 2

ట్రాన్సిస్టర్‌లో వాతావరణం చెప్పారు. రాగల ఇరవై నాలుగు గంటల్లో కోస్తాలో అక్కడక్కడ జల్లులట. నెల నుంచీ ఇదే పాట. ఆ అక్కడక్కడ ఎక్కడో చూపిస్తే మూటా ముల్లే సర్దుకుని వెళ్ళి తడిసొస్తాను. ఉగాదినాడు పంతులుగారు కూడా ఈ ఏడు వానలకి లోటు లేదని చదివారు. తాంబూలం తీసుకుని మరీ చదివారు.

నిల్.

ఆగస్టు 8

వీరులపాడు వెళ్ళొచ్చాను, పొద్దున గేజి చూసి. పత్తి మోకాలెత్తు లేదు, ఆకు ముడుచుకుని ఉంది. బావిలో అడుగు కనిపిస్తోంది. పిల్లలు రోకలికి కప్పను కట్టుకుని ఇంటింటికీ వచ్చారు. కప్పతల్లి మీద బిందెతో నీళ్ళు పొయ్యాలి. వదిన చెంబుతో పోసింది, అదీ సగం చెంబు. పోసి లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

అన్నయ్య ఎడ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎర్రెద్దు, తెల్లెద్దు. ఇంటి పైకప్పు గడ్డి పీకి వేస్తున్నాడు వాటికి. "తాలూకాని కరువు కింద రాస్తే గడ్డి లారీలు వస్తాయంట రాజ్యం. రాస్తారా?" నన్నడుగుతాడేంటి! నేనేమన్నా కలెక్టర్నా? కానీ గుమాస్తా గారిని అడుగుతానన్నాను.

ఆగస్టు 9

అడిగాను. ఈ గేజి లెక్కే తాలూకా అంతటికీ లెక్కట. ఇలాగే ఉంటే తప్పకుండా రాస్తారమ్మా అన్నారు. గడ్డి వస్తుంది, తాగడానికి నీళ్ళ ట్యాంకర్లు కూడా. అన్నయ్యకి కార్డు రాశాను. నిల్ అని రాస్తున్నప్పుడు మొదటిసారి సంతోషం వేసింది. ఛీ, ఏం బతుకు! వాన పడనందుకు సంతోషం.

ఆగస్టు 14

నిల్.

ఆగస్టు 17

మఖ కార్తె. నిల్. ఈయనకి జ్వరం కూడా వచ్చింది.

ఆగస్టు 22

నిన్న సాయంత్రం వాన.

అంత వాన ఎప్పుడు చూశాను! ముందు గాలి, తర్వాత వడగళ్ళు, తర్వాత కుండపోత. వీధంతా కాలువ. బీబమ్మ మనవలు గుడ్డలు విప్పేసి తడిశారు. నేనూ వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను, సిగ్గు లేకుండా. ఈయన మంచం మీంచే అరుపు, "గేజి పొంగి పోతుందేమో చూడవే!" అన్నయ్య పొలం తడిసి ఉంటుందనుకున్నాను. పిచ్చిదాన్ని.

పొద్దున తొలి బస్సుకి అన్నయ్య దిగాడు. కాళ్ళనిండా దుమ్ము. ఆ దుమ్ము చూడగానే నాకు అర్థమైపోయింది. మునేరు దాటితే చుక్క లేదట. "మెరుపులన్నీ మీ మీదే చూశాం. ఊరు ఊరంతా అరుగుల మీద నిలబడి చూశాం." నాతోనే ఆఫీసుకి వచ్చాడు. గరాటు తీశాను. సీసా నిండింది, గొట్టంలోకి కూడా దిగింది.

"పారబొయ్యి."

ఏంటన్నాను. వినబడింది, అయినా అన్నాను.

"పారబొయ్యవే. ఎవరు చూస్తారు? మొత్తం వద్దులే, కాస్త ఉంచి రాయి. మా ఊళ్ళో పడలేదుగా. పడనిది పడిందని రాస్తే అది మాత్రం నిజవా?"

గ్లాసు చేతిలో ఉంది. ఎండ పడి నీళ్ళు మెరుస్తున్నాయి. మా అన్నయ్య నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు, పెళ్ళిలో కూడా నేనే అడిగాను, తనే ఇచ్చాడు. పోసేద్దామనే అనుకున్నాను. చెయ్యి వంచాను కూడా. కానీ ఊరంతా తడిసింది, నా చీర కొంగు ఇంకా ఆరలేదు. ఇళ్ళ ముందు నీళ్ళు నిలిచి ఉంటే గేజి ఎండిపోయిందని ఏ మొహంతో రాయను? ఈయన ఉద్యోగం పోతుంది. అది ఒక కారణం. రెండోది చెప్పలేను, చేతకాలేదంతే.

గీత చూశాను. చూసింది చూసినట్టు రాశాను.

 అన్నయ్య మొహం అటు తిప్పుకున్నాడు. కాఫీ తాగి వెళ్ళమంటే బస్సు ఉందన్నాడు. బస్సు ఇంకో గంటకి గానీ లేదు.

ఆగస్టు 23

ఈయనకి చెప్పాను.  "మంచి పనే చేశావు" అన్నారు కళ్ళు మూసుకుని. మంచి పని చేస్తే ఇట్లా ఏడుపెందుకు వస్తుంది మనిషికి?

నిల్.

ఆగస్టు 26

పెరుగు ముంత రాలేదు. బస్సు వచ్చింది, కండక్టరు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. గేదె పూర్తిగా వట్టిపోయి ఉంటుంది. కోపమా, గేదెనా... ఎవర్నడగను?

సెప్టెంబరు 4

పుబ్బ. నిల్. ఆయన లేచి గోడ పట్టుకుని నడుస్తున్నారు. కళ్ళు తెల్లబడ్డాయి. బీబమ్మ దిష్టి తీసింది. గేజి ఇక తను చూస్తానన్నారు. వద్దన్నాను, ఇంకొన్నాళ్ళు నేనే చూస్తాను. ఎందుకో చెప్పలేదు. వాన పడితే ముందు నాకే తెలియాలి.

సెప్టెంబరు 12

కరువు తాలూకాల పేర్లు వచ్చాయి. మా తాలూకా లేదు.

పెద్ద గుమాస్తా గారు కుర్చీలోంచి లేచి మరీ చెప్పారు. "ఆ ఒక్క వానే అడ్డం పడిందమ్మా. అది తీసేస్తే మనదే ముందుండేది." ఆయన తప్పేం ఉంది? అక్కడున్న గుమాస్తాలందరూ నన్ను జాలిగా చూశారు. జాలి గడ్డి అవుతుందా?

ఇంటికి వచ్చి అన్నం వండలేదు. ఆయన అటుకులు నానబెట్టుకున్నారు.

సెప్టెంబరు 13

వీరులపాడు వెళ్దామని చీర మార్చుకున్నాను. మళ్ళీ విప్పేశాను. ఏం చెప్పను వెళ్ళి.

సెప్టెంబరు 20

నిల్.

సెప్టెంబరు 28

గేజి చూడటానికి బయల్దేరుతుంటే రోడ్డు మీద అన్నయ్య. ఎర్రెద్దు, తెల్లెద్దు, పలుపు తాడు చేతిలో. వీరులపాడు నుంచి చీకటితోనే బయల్దేరాడట. ఎక్కడికని అడగక్కర్లేదు. రేపు జగ్గయ్యపేట సంత. డొక్కలు పీక్కుపోయి ఉన్నాయి రెండూ. ఈ కరువులో మేపుకుందామని కొనేవాడెవడు? ఎవరు కొంటారో నాకు తెలుసు. రాయను.

బకెట్లో నీళ్ళు తెచ్చి పెట్టాను. తెల్లెద్దు తాగింది. ఎర్రది నా చెయ్యి నాకింది, దానికి ఇంకా గుర్తున్నాను నేను. ఏడుపు ఆపుకోలేకపోయాను. రోడ్డు మీదే, అందరూ చూస్తుండగా.

"నా మీద కోపం తీర్చుకో అన్నయ్యా. తిట్టు. నాలుగు తగిలించు."

"నువ్వు అబద్ధం రాసుంటే తిట్టేవాణ్ణి రాజ్యం. నిజమే రాశావుగా. ఇంకెవర్ని తిట్టను?"

ఈయన వాకిట్లోకి వచ్చి "ఇంకో వారం ఆగు బావా. హస్త వచ్చింది, ఈ కార్తెలో ఒక్క వాన పడితే జొన్న వేసుకోవచ్చు, శనగ వేసుకోవచ్చు" అన్నారు.

"వారం ఏం పెట్టను బావగారూ వాటికి? కప్పు అయిపోయింది."

నిజమే. కప్పు గడ్డి కూడా అయిపోయింది. మంచినీళ్ళు ఇస్తే తాగాడు. అదొక్కటే నాకు ఊరట. ఎడ్లు తోలుకుంటూ ఊరికెళ్ళే మునేరు వంతెన కేసి కాదు, అటు, జగ్గయ్యపేట రోడ్డు కేసి వెళ్ళాడు. మలుపు దాకా చూశాను.

గేజి నిల్.

సెప్టెంబరు 29

గేజి నిల్. రాత్రి ఇక్కడ చుక్క లేదు, ఆకాశంలో నక్షత్రాలు.

ఆఫీసు నుంచి వస్తుంటే వీరులపాడు బస్సు. చక్రాల నిండా నల్లరేగడి బురద. పైకప్పు మీంచి నీళ్ళు కారుతున్నాయి. కండక్టరు కిటికీలోంచి తల బయట పెట్టి అరిచాడు, "అమ్మగారూ, రాత్రంతా ఒకటే వాన! చేలల్లో మోకాలి లోతు నీళ్ళు! మీ వదినగారు వాకిట్లో నిలబడి మీ అన్నయ్యగారు ఎక్కడున్నారో కనుక్కోమన్నారండి!"

మాకు రావాల్సిన వాన. నాట్లకి కాదు, జొన్నకి, శనగకి. దున్నాలి. దున్నడానికి ఎడ్లు కావాలి.

ఇంటికి ఎలా పరిగెత్తానో తెలీదు. ఈయన గడ్డం గీసుకుంటున్నారు. సగం సబ్బు మొహంతోనే చొక్కా తగిలించుకున్నారు. నిలబడితే కాళ్ళు వణుకుతాయి ఈయనకి ఇంకా. నేను వెళ్తానంటే "సంతలో నీకేం తెలుసు, తప్పుకో" అని కసిరారు. ఇద్దరం బస్టాండు దాకా పడుతూ లేస్తూ. జగ్గయ్యపేట బస్సు కదులుతోంది. ఎవరో ఈయన్ని చెయ్యి పట్టి లాగి ఎక్కించారు.

ఇంటికి వచ్చి గడపలో కూర్చున్నాను. పొయ్యి వెలిగించలేదు. ఎదురుగా రోడ్డు, లారీలు, దుమ్ము...

బీబమ్మ వచ్చి పక్కన కూర్చుంది. అంతా విని, సంత పొద్దున్నే అయిపోతుంది కదే అంది.

నోరు ముయ్యమన్నాను. పాపం, ముసల్ది. నోరు మూసుకుని నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.