అత్తయ్యకే తెలిసిన పాస్‌వర్డ్

అత్తయ్యగారికి,

ఇక్కడ అందరం బాగున్నాం, నా ఫోన్ తప్ప. నిన్న వైఫై ఆగి ఆగి వస్తోంటే, సెట్టింగుల్లో ‘మరచిపో’ అని కనిపించింది. మరచిపోయి మళ్ళీ కొత్తగా కలుస్తుందేమో అనుకుని నొక్కాను. అది బుద్ధిగా మరచిపోయి, ఇప్పుడు పాస్‌వర్డ్ అడుగుతోంది. రూటర్ ఆపి మళ్ళీ వేసినా లాభం లేదు.

పిల్లలు అస్తమానం ఫోన్లకు అతుక్కుపోతున్నారని పాస్‌వర్డ్ మీరే పెట్టి, మీ దగ్గరే ఉంచుకున్నారు కదా. ఫోన్లో అడిగితే “ఎవరైనా వింటారే” అంటారు. అందుకే మీ చిన్నబ్బాయి అటు వస్తున్నాడని ఈ ఉత్తరం.

వారమని మీ అమ్మాయింటికి వెళ్ళారు, నెల దాటింది. మీకు అక్కడే హాయిగా ఉందేమో, రమ్మంటే ఇబ్బంది పెట్టినట్టవుతుందేమో అని ఇన్నాళ్ళూ అడగలేదు.

ఇంతవరకు రాశానో లేదో, మీ పెద్దబ్బాయి వచ్చి తన ఫోన్లోని వైఫై గళ్ళబొమ్మను, అదే క్యూఆర్ కోడ్‌ను, నా ఫోన్‌కు చూపించారు. ఇట్టే కలిసిపోయింది. “ఇంతోటిదానికి అమ్మకు ఉత్తరమా?” అని నవ్వారు. నిజమే, చింపేద్దామనుకున్నాను.

ఆయన అటు వెళ్ళగానే మళ్ళీ ‘మరచిపో’ నొక్కాను.

పాస్‌వర్డ్ రాసి పంపకండి. మీరే వచ్చి కొట్టాలి.

ఎదురుచూస్తూ,
మీ పెద్దకోడలు