దొరగారి ఓదార్పు

అప్పన్న మావా,

బతికున్నప్పుడే నీకు అక్షరమ్ముక్క రాదు, ఇప్పుడు ఇది చదువుతావని రాయడం లేదు. ఎవరితోనైనా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

విశాఖపట్నంలో కాలేజీ చదువు ఆపి, ఏడాదిపాటు ఫ్రెంచి దొరకి తెలుగు నేర్పడానికి మలయాలోని ఈ బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటకి వచ్చాను కదా. నా శిష్యుడు తెలుగు పరీక్ష పాసయ్యాడు. మనకంటే తనకే తెలుగు బాగా వచ్చని క్లబ్బులో చెప్పుకుంటున్నాడట. ఆ మహానుభావుడికి వచ్చిందల్లా లే, రా, పో, పాలకి చెట్టు గియ్యి, నోరు ముయ్యి. 'అండి' నేర్పబోతే, కూలీలతో మాట్లాడ్డానికి అదెందుకని విసుక్కున్నాడు. అప్పుడు నువ్వే అన్నావు, "ఏటి పంతులూ, 'అండి' అంటే దొర నోరు అరిగిపోద్దేటి?" అని.

ఈవేళ నీ పెద్దదినం. దొర టోపీ చంకలో పెట్టుకుని మన కూలీల ఇళ్ళ లైన్లకి వచ్చాడు. అత్తని తెలుగులోనే ఓదారుస్తానని, నన్ను కలగజేసుకోవద్దని ముందే హెచ్చరించాడు. అత్త గడప మీద కూర్చుని ఏడుస్తోంది. దొర వంగి, గొంతు ఎంతో మెత్తగా చేసుకుని, "ఏడవకు. నోరు ముయ్యి. లే. పనికి పో," అన్నాడు. మెచ్చుకోలు కోసం నా వైపు చూశాడు. వ్యాకరణం ఒక్కచోట కూడా తప్పలేదు మావా!

అత్త గబగబా కళ్ళు తుడుచుకుని లేచింది. గోడవారనున్న రబ్బరుపాల బకెట్టు అందుకుంది.

"ఎల్తన్నానండి, దొరా."