నాలుగు రంగుల మానిటర్

ఆగిరిపల్లి,
జులై 14, 1988.

చి.ల.సౌ. బాలాత్రిపురసుందరికి,

నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. మీ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. నాగపూర్‌లో మీ ముగ్గురూ అలాగే ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం సోమవారం అందింది. ముందు మీ అమ్మ చదివి, తర్వాత నాకిచ్చింది. కవరు మీద నా పేరున్నా ఈ ఇంట్లో పద్ధతి అదే కదా.

మామిడి కోతలు పూర్తయ్యాయి. చివరికి మిగిలిన కలెక్టర్ కాయ కూడా హనుమాన్ జంక్షన్‌లో లారీ ఎక్కింది. సాంబయ్య తోటలు దున్నిస్తున్నాడు. ఒక వాన పడి ఆగింది, రెండోది కొండ మీదే ఆలోచిస్తోంది. మీ అమ్మ మోకాలికి నువ్వు పంపిన తైలం పనిచేసిందా అని అడిగావు. తైలం వల్లో, డాబా మెట్లెక్కడం మానేసినందువల్లో నొప్పి తగ్గింది. మీ అమ్మ మాత్రం తైలానికే పేరిచ్చింది. మాగాయ సీసా పంపమన్నావు. జి.టి. ఎక్స్‌ప్రెస్‌లో నాగపూర్ దాకా వచ్చే మనిషి దొరకాలి. అడుగుతూనే ఉన్నాను.

ఇక కంప్యూటర్ సంగతి. ఆషాఢం వెళ్ళగానే అల్లుడు గారు కొత్తదానికి ఆర్డరు ఇస్తానంటున్నారనీ, ఏది మంచిదో నన్నొకమాట అడగమన్నారనీ రాశావు. మామిడి తోటలు కౌలుకి తీసుకునేవాడిని కంప్యూటర్ గురించి అడగడమేంటని మీ అమ్మ నవ్వింది. "మీరు గొడుగు కొనాలన్నా బజారంతా తిరిగొస్తారుగా, అందుకే అడిగుంటారులెండి" అని సమాధానం కూడా తనే చెప్పింది.

ఉత్తరం చివర నువ్వు రాసిన నాలుగు వాక్యాల దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. శశి మిగతా ఆటలన్నీ గెలుస్తూ, ఆ బంతుల ఆటలో మాత్రం కావాలని తప్పులు చేస్తున్నాడన్నావు. బడిలో ఇండియా పటం ఇస్తే అడవులన్నిటికీ గోధుమరంగు పులిమి వచ్చాడన్నావు. అల్లుడు ఉమాపతి గారు బెల్టు తీశారన్నావు. కొత్త మిషన్ మీద కూడా ఇదే వరసైతే దసరా తర్వాత హాస్టల్ బడిలో వేస్తారన్నావు. వాడికి తొమ్మిదేళ్ళు. ఆ విషయానికి తర్వాత వస్తాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను.

తెలియనిది తెలిసినట్టు రాయడం నాకు చేతకాదు. అందుకని మంగళవారం విజయవాడ వెళ్ళి, బందరు రోడ్డులో కంప్యూటర్లు అమ్మే కొట్టు వెతుక్కున్నాను. చెప్పులు బయట విడిచి రమ్మన్నారు. లోపల ఏసీ, కింద తివాచీ. టై కట్టుకున్న కుర్రాడొకడు ఎదురొచ్చాడు.

"ఆఫీసుకాండీ?"

"ఇంట్లోకి. మనవడు ఆటలాడుకోవడానికి."

"ఆటలకి పీసీ ఎందుకండీ? టీవీకి తగిలించుకునే చిన్నది సరిపోద్ది కదండీ."

"అది ఉందయ్యా. మా అల్లుడు గారికి పెద్దది కావాలట. చూపించు."

అబ్బాయి ఓపిక గలవాడు, అన్నీ చూపించాడు. మీ దగ్గరున్న చిన్న మిషన్ అంటే మీటలున్న పలక, అంతే. తెర టీవీది, ఆటలు టేప్ రికార్డర్‌లోంచి ఎక్కాలి. ఎక్కేటప్పుడు అది పెట్టే కీచు గోలకి, శశి ఇక్కడున్న ఎండాకాలమంతా మీ అమ్మ వంటింటి తలుపు వేసుకుంది. సగంలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి రావాలి. తోటల మోటార్లు నడిచే వేళల్లో ఇక్కడ టీవీ బొమ్మ నాలుగువైపులా కుంచించుకుపోయేది. అయినా శశి విసుక్కోకుండా మళ్ళీ టేపు తిప్పి పెట్టుకునేవాడు. శ్రద్ధ లేదని మీరంటున్నది ఈ పిల్లవాడినే.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏంటని ఆ అబ్బాయిని అడిగాను. "మిషన్‌ని నడిపించే ప్రోగ్రామండీ. చిన్నదాంట్లో చిప్‌లోనే ఉంటది, స్విచ్ వెయ్యగానే రెడీ. పీసీలో డాస్ అని, ఫ్లాపీ పెట్టి ఎక్కించాలండీ" అన్నాడు. ఎక్కించాడు. చాలాసేపు గుర్రుగుర్రుమని చప్పుడు చేసి, తెర మీద ఒక మూల ఒక్క అక్షరం చూపించి ఊరుకుంది. మనం ఏం చెబుతామా అని చూస్తుందట. ఇంత హంగు చేసి చివరికి మనల్నే అడగడం నాకు అంతగా నచ్చలేదు.

నా సలహా ఇది. చిన్నదాన్ని అమ్మకండి, ఆటలకి అదే నయం. డాస్ ఉన్నది అల్లుడు గారి ఆఫీసు లెక్కలకీ, ముందు ముందు శశి చదువుకీ పనికొస్తుంది. ఆ ఉద్దేశంతో కొనేటట్టయితే కొనండి. ఫ్లాపీ పెట్టే అరలు రెండు ఉండేది చూడండి. ఒకటే ఉంటే ఒకటి తీసి ఇంకొకటి పెట్టడంతోనే పొద్దు గడుస్తుందట. స్టెబిలైజర్ లేకుండా మాత్రం స్విచ్ వెయ్యొద్దు.

తెరలు రెండు రకాలు చూపించాడు. ఒకటి ఒకే రంగుది, నల్లటి తెర మీద అక్షరాలు మెరుస్తాయి. గీతలు సూదిమొనతో గీసినట్టున్నాయి. బొమ్మల ఆటలు కొన్ని దాని మీద నడవవని ముందే చెప్పాడు. రెండోది కలర్ మానిటర్. "నాలుగు రంగులండీ!" అన్నాడు గర్వంగా. ఏవేవని అడిగాను. "నలుపు, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు" అంటూ ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చూపించాడు. నేను తల ఊపాను. ఈ నాలుగు పేర్లూ నీకు రాస్తున్నది ఆ అబ్బాయి మాట మీదే.

నా ఓటు ఒకే రంగు తెరకి. ఎందుకో చెప్పాలంటే ఎండాకాలం సెలవుల సంగతి రాయాలి.

శశి ఇక్కడికి మిషన్ తెచ్చుకుని మన పాత టీవీకి తగిలించాడు కదా. ఆ బంతుల ఆట ఇక్కడ వాడెలా ఆడాడో నువ్వు చూడలేదు. పైనుంచి రంగు బంతి పడుతుంటే మీటలు నొక్కి అదే రంగు బుట్టలోకి మళ్ళించడమే కదా ఆట. మన టీవీలో రంగులెక్కడివి? ఒకటి ముదురు బూడిద, ఒకటి లేత బూడిద, ఒకటి ఇంకా లేత. వాడు ఒక్క బంతి తప్పలేదు. నన్ను ఓడించాడు, వాళ్ళ అమ్మమ్మని ఓడించాడు. ఒక మధ్యాహ్నం సాంబయ్య చేతికి మీటలిచ్చి, అతన్నీ ఓడించి, "కాయలేరతావుగా సాంబయ్య తాతా, బంతులేరలేవా?" అని ఏడిపించాడు. సాంబయ్య కాయలు కోసే చిక్కం కర్ర పక్కన పెట్టి, "బాబుగారు మహా గట్టోళ్ళండీ" అని నాకే చెప్పి వెళ్ళాడు.

ఇది విని నూజివీడులో మందుల షాపు ప్రభాకరరావు మమ్మల్ని ఇంటికి పిలిచాడు. వాళ్ళు కొత్తగా కలర్ టీవీ కొన్నారు. దాని మీద ఆట చూడాలని ఆయన సరదా. మిషన్ అట్టపెట్టె నా కాళ్ళ దగ్గర పెట్టుకుని, శశిని స్కూటర్ వెనక ఎక్కించుకుని వెళ్ళాను. దారిలో వాడు, "తాతయ్యా, వాళ్ళ టీవీలో నేను ఆడను, నువ్వు ఆడు" అన్నాడు. కొత్తచోటని బెరుకనుకున్నాను.

ప్రభాకరరావు బలవంతం మీద ఆడాడు. ఆకుపచ్చ బంతి తీసుకెళ్ళి పసుపు బుట్టలో వేశాడు. పసుపు బంతి ఆకుపచ్చ బుట్టలో వేశాడు. "అది కాదురా, ఇదీ!" అని ప్రభాకరరావు తెర మీద వేలు పెట్టి చూపిస్తూనే ఉన్నాడు. "ఏంట్రా అబ్బాయ్, పెద్ద మొనగాడివని మీ తాత చెప్పాడే!" అని నవ్వాడు. శశి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పిల్లవాడు తల దించుకున్న తీరు నేను చూడలేకపోయాను. నేనాడతానని మీటలు తీసుకున్నాను. వాడు తప్పినచోటల్లా నేనూ తప్పాను.

ప్రభాకరరావు కాఫీకి చెప్పడానికి లోపలికి వెళ్ళాడు. అప్పుడు వాడు నా పక్కకి జరిగి, "తాతయ్యా, నీకు కూడా ఆ రెండూ ఒకటేనా?" అని అడిగాడు.

బాలా, నీకు తెలియని సంగతి ఒకటుంది. పెళ్ళికి ముందు నేను రైల్వేలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ పరీక్ష పాసయ్యాను. వైద్యపరీక్షలో డాక్టరు చుక్కల పుస్తకమొకటి తెరిచి, అందులో అంకె చెప్పమన్నాడు. నాకు చుక్కలే కనిపించాయి. పేజీ తిప్పాడు, మళ్ళీ చుక్కలే. జెండా రంగు తెలియనివాడికి స్టేషన్ అప్పగించరు, అది న్యాయమే. ఇంటికొచ్చి మాత్రం, ఊరూరూ తిరిగే ఉద్యోగం నాకక్కర్లేదని వదిలేసి వచ్చానని చెప్పాను. మా నాన్న నా పౌరుషం గురించి కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. నేను మామిడి తోటల్లోకి వచ్చింది అలాగ.

కాయ రంగు తిరిగిందని తోటలో అందరూ అంటే నేనూ అన్నాను. ఆ తిరగడం ఏమిటో ఇంతవరకూ నాకు కనపడలేదు. అందుకే బకెట్టు. చెట్టుకొక కాయ కోయించి నీళ్ళలో వేసి, మునిగితే కోతకి సరే అంటాను, తేలితే ఆగమంటాను. భానుమూర్తి గారు బకెట్టు లేనిదే తోటలో అడుగుపెట్టరని ఈ చుట్టుపక్కల నాకు జాగ్రత్తపరుడని పేరొచ్చింది. మీ అమ్మకి పెళ్ళయిన ఏడాదే తెలిసిపోయింది. ఎలా తెలిసిందో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. బట్టల కొట్లో నాకంటే ముందే చెయ్యి వేసి, "ఈ ఆకుపచ్చది బాగుందండీ, ఆ ఎర్రది వద్దు" అని రంగు పేరు పెట్టి మాట్లాడటం మొదలుపెట్టింది. ఇప్పటికీ అలాగే మాట్లాడుతుంది.

మంగళవారం కంప్యూటర్ కొట్టు నుంచి కంటి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. ఇది జబ్బు కిందికి రాదట, మందు లేదట, చూపుకి వేరే లోటేమీ ఉండదట. తాతకి ఉంటే కూతురి ద్వారా మనవడికి రావచ్చునట. కూతురికి మాత్రం రంగులన్నీ మామూలుగానే కనిపిస్తాయట. అంటే నాకున్నది నీ మీదుగా వాడికి చేరింది. నీకు తెలిసి జరిగిందేమీ లేదు. తెలిసి చెప్పనివాడిని నేను. నీ పెళ్ళిచూపుల నాడు ఉమాపతి గారి తండ్రి మా వైపు వంశంలో లోపాలేమైనా ఉన్నాయా అని అడిగితే ఏమీ లేవన్నాను.

మీ టీవీకి రంగు తగ్గించే మర ఉంటుంది. దాన్ని ఆఖరిదాకా తిప్పేస్తే బొమ్మ నలుపు తెలుపుగా మారుతుంది. అల్లుడు గారిని పక్కన కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా శశి చేత ఆ ఆట ఆడించు. ఆయన తెలివైనవారు, చూస్తే తెలుసుకుంటారు. తర్వాత ఈ ఉత్తరం ఆయన చేతికివ్వు. అక్కడి డాక్టరుకి కూడా చూపించి ఖాయం చేసుకోండి. మీ అత్తగారు నాలుగు మాటలంటారు. అననివ్వు. దాచినవాడు ఆగిరిపల్లిలో ఉన్నాడని చెప్పు. రమ్మంటే వచ్చి ఎదురుగా కూర్చుంటాను. ఇది నీ కాపురానికి ఏం తెచ్చిపెడుతుందోనని నాకు భయంగానే ఉంది. వాడు వెళ్ళినప్పటినుంచీ నోరు మూసుకుని ఉన్నది ఆ భయంతోనే. బెల్టు అన్న మాట చదివాక ఊరుకోవడం నావల్ల కాలేదు.

ఇంకొకటి మిగిలింది. ప్రభాకరరావు ఇంట్లో శశి అడిగినదానికి నేను, "కళ్ళజోడు మర్చిపోయొచ్చానురా" అన్నాను. అలవాటు కొద్దీ నోటికొచ్చేసింది. జోడు నా చొక్కా జేబులోనే ఉంది. వాడు జేబు వంక చూశాడు, నా మొహం వంక చూశాడు. తిరిగొచ్చేటప్పుడు నా నడుం పట్టుకోలేదు. వెనకున్న స్టెపినీ టైరు పట్టుకుని కూర్చున్నాడు. తనలాంటి మనిషి ఇంకొకడున్నాడని వాడికి ఆ ఒక్క నిమిషం అనిపించింది. అది కూడా లేకుండా చేశాను. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

మానిటర్ మీ ఇష్టమొచ్చింది కొనుక్కోండి. సెలవుల్లో మీ అమ్మ వాడికి తెలుగు అక్షరాలు నేర్పింది, కూడబలుక్కుని చదువుతాడు. ఈ కింది ముక్క నువ్వు చదివి పెట్టకుండా వాడి చేతే చదివించు. పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

శశీ, ఆ రోజు జోడు నా జేబులోనే ఉంది. నువ్వు చూశావు. అవునురా, నాకు కూడా ఆ రెండూ ఒకటే.

ఇట్లు,
నీ తాతయ్య