మూడో నంబరు ఖాళీ బరువు

2వ తేదీ

చిరంజీవి కోడలికి,

ఆశీస్సులు. మోకాలి కుట్లు నిన్న విప్పారు. ఇంకో నెలన్నర లారీ ఎక్కకూడదన్నాడు డాక్టరు. ఎక్కను, కింద నిలబడి చూస్తానంటే దానికీ వీల్లేదన్నాడు. అక్కయ్య పక్కనే ఉండి, ఆయన చెప్పనివి కూడా రెండు మూడు కలిపింది. ఆవిడ ఇంట్లో ఉన్నాను కాబట్టి నోరు మూసుకున్నాను.

ఫోన్లో నాకు సరిగా వినపడదు. వినపడినట్టు ఊఁ కొట్టడం చేతకాదు. మన ఐదో నంబరు లారీ వారానికి రెండుసార్లు ఈ వీధి మీదుగానే పోతుంది కదా, ఉత్తరాలు మీసాల డ్రైవరు చేతికిద్దాం.

ఇరవయ్యో తేదీన తనిఖీ అధికారి షెడ్డుకు వస్తాడు. ఆయన సంతకం పెడితే ట్రాన్స్‌పోర్టు లైసెన్సు నా పేరు నుంచి నీ పేరుకు మారుతుంది. మావాడి పేరుకు ఎందుకు మార్చవని అక్కయ్య అడిగింది. ఇంజను విప్పమంటే వాడు కళ్ళు మూసుకుని విప్పుతాడు, కాగితం విప్పమంటే కళ్ళు మూసుకుని పడుకుంటాడు అన్నాను.

మంటలార్పే సిలిండర్ల తేదీలు చూడు. డ్రైవర్ల విశ్రాంతి గంటల పట్టిక ఏ రోజుది ఆ రోజే రాయించు. అన్నిటికన్నా ముఖ్యం లోపాల పుస్తకం. తేదీ, బండి, లోపం, చూసినవారు, సరిచేసినవారు. ఆ చివరి గడి ఒక్క వరుసలో కూడా ఖాళీగా ఉండకూడదు.

మూడో నంబరు కొత్త డ్రైవరుకు ఇప్పుడే ఇవ్వకు. నేను వచ్చాక చూద్దాం.

రాయవలసినవి అయిపోయాయి.

మామయ్య

*

6వ తేదీ

పూజ్యులైన మామయ్యగారికి,

నమస్కారాలు. కాలు ఎలా ఉందో ఒక్క ముక్కలో రాసి, సిలిండర్ల గురించి పేజీ రాశారు. ఈసారి తిరగేసి రాయండి. పెద్దమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. మిమ్మల్ని కూర్చోబెట్టగలిగిన మనిషి ఒకరున్నారని ఇక్కడ అందరం సంతోషిస్తున్నాం.

మీ ఉత్తరం అందేసరికే మూడో నంబరుని కొత్త డ్రైవరుతో ఒక ట్రిప్పు పంపేశాను. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు తొందరపెట్టారు. అతను క్షేమంగానే తిరిగొచ్చాడు గానీ, తాళం బల్ల మీద పెట్టి ఓ మాటన్నాడు.

"అక్కా, లోడుతో కొండ దారి దిగుతుంటే వెనకనుంచి ఎవరో నెడుతున్నట్టుంది. బ్రేకు బాగానే ఉంది. బండే ఆగనంటోంది."

ఈయన బ్రేకులు విప్పి చూశారు. ఏ లోపమూ లేదు. రెండో ట్రిప్పుకి నేను కూడా కేబిన్లో ఎక్కి వెళ్ళాను. ఫ్యాక్టరీలో సంచులు రావడం ఆలస్యమైంది. కాటా ఖాళీగా ఉంది. ఖాళీ బండిని ఒకసారి తూకం వెయ్యమని లోడింగ్ గుమస్తాని అడిగాను.

"ఎందుకమ్మా? ఖాళీ బరువు కాగితంలో ఉందిగా. మేం సంచులు లెక్కపెట్టి పంపుతాం, బండిని తూచం."

"సరదాకి," అన్నాను.

"మీకు సరదాలు కూడా ఉంటాయా?" అన్నాడు గానీ ఎక్కించాడు.

కాగితంలో మూడో నంబరు ఖాళీ బరువు తొమ్మిది వేల ఎనిమిది వందల అరవై కిలోలు. కాటా మీద పదివేల రెండు వందల ఎనభై. కాటా తప్పేమోనని మర్నాడు ఐదో నంబరుని ఎక్కించాను. అది కాగితంలో ఉన్నట్టే తూగింది.

షెడ్డుకొచ్చి బండి చుట్టూ తిరిగాను. రెండో డీజిలు ట్యాంకు, అడుగున వేసిన ఇనప రేకు, పనిముట్ల పెట్టె, ముందున్న బరువైన బంపరు. ఒక్కొక్కటీ ఎప్పుడో అవసరానికి పెట్టినదే. కాగితం మాత్రం బండి కొన్న రోజుదే. మన మూడో నంబరుకి పొట్ట వచ్చింది మామయ్యగారూ, మనం ఇంకా పెళ్ళినాటి చొక్కానే తొడుగుతున్నాం.

అంటే ఆ కాగితం లెక్కన యాభై కిలోల సంచులు మూడు వందల రెండు వేసిన ప్రతిసారీ పరిమితి దాటుతున్నామన్నమాట. వేయాల్సింది రెండు వందల తొంభై నాలుగే. గుమస్తాతో చెబితే, "ఎనిమిది సంచులు తగ్గించే బండి మాకెందుకు, వేరే లారీలు లేవా?" అన్నాడు.

అధికారి వచ్చినప్పుడు ఇది మనమే చెప్పెయ్యాలని నా ఉద్దేశం. మీరేమంటారు?

మీ కోడలు

*

9వ తేదీ

చిరంజీవి కోడలికి,

ఏమీ చేయకు. మూడో నంబరుని తిప్పకు, షెడ్డులో నిలిపెయ్యి. ఫ్యాక్టరీలో ఇంకెవరితోనూ ఈ మాట ఎత్తకు. అధికారికి కాగితమేదీ ఇవ్వకు. నేను చెప్పేదాకా ఆగు.

చెక్క బీరువా కింది అరలో పాత లోపాల పుస్తకాలున్నాయి. ఆకుపచ్చ అట్టది ఒక్కటే ఉంటుంది, పదకొండేళ్ళ కిందటిది. దాన్ని డ్రైవరు చేతికిచ్చి పంపు. తెరవనక్కర్లేదు.

కాలు బాగానే ఉంది.

మామయ్య

*

13వ తేదీ

పూజ్యులైన మామయ్యగారికి,

నమస్కారాలు. మూడో నంబరుని ఎనిమిదో తేదీనే నిలిపేశాను. పుస్తకం పంపుతున్నాను. తెరవలేదు. దారంతో కట్టి మీసాల డ్రైవరు ఒళ్ళో పెట్టాను. "ఇందులో బంగారముందా?" అన్నాడు. తెలియదన్నాను.

మిగతా మాట మీద మీరు కోప్పడినా సరే. ఇరవయ్యో తేదీన అధికారి అడిగినా అడగకపోయినా నేను చెబుతాను. ఈ సంగతి మీ అబ్బాయితో అంటే, "నాన్న ఆగమన్నాక ఆగు. ఆయన మాట కాదన్నవాళ్ళెవరూ ఈ షెడ్డులో లేరు," అన్నారు.

"ఇప్పుడున్నారు," అన్నాను.

"అయితే ఆ ఉత్తరం నేను లేనప్పుడు రాయి," అని స్పానరు పట్టుకుని లారీ కిందికి దూరారు. ఇది రాస్తున్నంతసేపూ బయటికి రాలేదు.

ఈ షెడ్డులో నా మొదటి రోజు మీకు గుర్తుందో లేదో. లెక్కలు రాయడానికి వచ్చాననుకున్నాను. మీరు నా చేతికి చిన్న సుత్తి ఇచ్చి, "చక్రం నట్లు ఒక్కొక్కటీ కొట్టు, విను," అన్నారు. పది నట్లు కొట్టాను. అన్నీ ఒకేలా ఉన్నాయన్నాను. "మళ్ళీ," అన్నారు. నాలుగోసారికి ఏడో నట్టు మొద్దుగా పలికింది, వదులై ఉంది. మీరు మెచ్చుకోలేదు. పుస్తకం తెరిచి, చూసినవారు అన్న గడిలో కోడలు అని రాశారు, అంతే. ఆ రోజు ఇంటికెళ్ళేదాకా నా కాళ్ళు నేలమీద లేవు.

వినిపించిన నట్టుని వినపడలేదని ఎలా చెప్పను? ఆ కొత్త డ్రైవరు లోడుతో కొండ దిగాడు. అతన్ని పంపింది నేను.

ఇంకో సంగతి. ప్లాస్టిక్ పైపుల గోదాము వాళ్ళతో మాట్లాడాను. పైపులతో బండి నిండుతుంది గానీ బరువుండదు. మూడో నంబరుని పైపులకి తిప్పుకుని, ఫ్యాక్టరీకి మిగతా బండ్లు పెడదాం. అప్పుడు గుమస్తా ఎనిమిది సంచులు గుమస్తా దగ్గరే ఉంటాయి.

మన్నించమని అడుగుతున్నాను. ఆగమని మాత్రం చెప్పకండి.

మీ కోడలు

*

20వ తేదీ

పూజ్యులైన మామయ్యగారికి,

నమస్కారాలు. మీరు జవాబు రాయలేదు. రెండుసార్లు డ్రైవరు ఖాళీ చేతులతో వచ్చాడు. ఎందుకో ఈ రోజు తెలిసింది.

అధికారి పదింటికి వచ్చారు. టార్చిలైటుతో ప్రతి లారీ కిందా దూరి చూశారు, టైర్ల గాడులు కొలిచారు, విశ్రాంతి పట్టికలు వరుసగా చదివారు. లోపాల పుస్తకం తిరగేసి, "చివరి గడి ఒక్కటి కూడా ఖాళీ లేదే," అన్నారు. ఇంకేమీ అడగకముందే నేను రాసుకున్న కాగితం చేతికిచ్చాను. చదివి నా వైపు చూశారు.

"ఇది రెండో కాపీయా?"

"కాదండీ. మొదటిదే."

"మొదటిది నా దగ్గరుంది," అని ఫైలు తెరిచారు.

మీ అక్షరాలు చూడగానే గుర్తుపట్టాను, మేకులు దిగ్గొట్టినట్టుంటాయి కదా. మీ సంతకం, పదహారో తేదీ. వెనక ఆకుపచ్చ పుస్తకంలోని పేజీ నకలు. "మూడో నంబరు. కాటా మీద ఖాళీ బరువు నాలుగు వందల ఇరవై ఎక్కువ. రేపు చూడాలి." చూసినవారు మీరే. చివరి గడి ఖాళీ.

"ఊతకర్రతో మా ఆఫీసు రెండంతస్తులు ఎక్కొచ్చాడాయన," అన్నారు అధికారి. "కుర్చీ వేయిస్తే కూర్చోలేదు. ముందు రసీదు ఇవ్వండి, తర్వాత కూర్చుంటానన్నాడు. ఇచ్చాక కూడా కూర్చోలేదు, వెళ్ళిపోయాడు."

"నా లైసెన్సు సంగతి?" అన్నాను.

"తప్పు జరిగినప్పుడు యజమాని ఎవరో ఈ పేజీలోనే ఉంది. పాత లైసెన్సు మీద రాశాను, జరిమానా కూడా దాని మీదే. ఈ రోజుతో అది మూసేస్తున్నాం. మీది కొత్త కాగితం, దాని మీద గీత లేదు." మూడో నంబరుకి కొత్త ఖాళీ బరువు రాసి, ముద్ర వేశారు.

వెళ్ళేముందు ఆఫీసులోకి వచ్చి మంచినీళ్ళు తాగారు. మీ కుర్చీ వెనక గోడ మీద లారీ యజమానుల సంఘం వాళ్ళిచ్చిన పలక ఉంది కదా, ఇరవై ఏడేళ్ళలో ఒక్క తప్పూ లేని యజమాని అని. దాని ముందు కాసేపు నిలబడ్డారు.

ఆగు అన్నారు గానీ ఎందుకో చెప్పలేదు మీరు. నేనూ ఒకటి చెప్పలేదు. ఆ పుస్తకానికి దారం కడుతున్నప్పుడు, దీన్ని కాల్చేస్తారేమో అనుకున్నాను. ఇంతకాలం మీ దగ్గర పనిచేసి అలా అనుకున్నందుకు ఈ రోజంతా సిగ్గుపడుతున్నాను.

అధికారి ఉండగానే మీ అబ్బాయి, ఫైల్లో మీరు రాసిన కాగితం మొత్తం చదివారు. మొదటినుంచి చివరిదాకా, కళ్ళు తెరుచుకునే. తర్వాత వెళ్ళి మూడో నంబరుని కడిగారు.

పలకని ఏం చేయమంటారు?

మీ కోడలు

*

23వ తేదీ

ప్రియమైన కోడలికి,

పైన రాసిన ఆ మొదటి మాట నేనెప్పుడూ ఎవరికీ రాయలేదు. రాశాక కొట్టేద్దామనుకుని ఉంచేశాను.

సిగ్గుపడకు. నువ్వు అనుకున్నది తప్పు కాదు. నిజం రాస్తున్నాను. పుస్తకం పంపమని రాసిన రోజు, అది దేనికో నాకే తెలియదు. అధికారికి చూపించడానికని ఒక పూట అనుకున్నాను, అక్కయ్య పొయ్యి ముందు కూర్చుని ఇంకో పూట ఇంకోలా అనుకున్నాను. డ్రైవరు పుస్తకం, నీ ఉత్తరం కలిపి ఇచ్చాడు. ఉత్తరం ముందు చదివాను. ఆ తర్వాత పుస్తకం దారం విప్పాను. మధ్యాహ్నం చెప్పులు వేసుకుంటుంటే ఎక్కడికని అక్కయ్య అడిగింది. నట్టు బిగించడానికన్నాను.

పదకొండేళ్ళ కిందట డీజిలు ఎక్కువ తాగుతోందని అనుమానమొచ్చి ఆ బండిని తూచాను. అప్పుడు మనకు ఆ ఫ్యాక్టరీ తప్ప వేరే పని లేదు. రేపు చూడాలి అని రాశాను. మర్నాడు ఆ పేజీ తిప్పేశాను. తర్వాత కొత్త పుస్తకం మొదలుపెట్టి, దాన్ని బీరువాలో అడుగున పెట్టాను. ఒక్క పని మాత్రం చేశాను. లోడుతో కొండ దిగాల్సి వస్తే ఆ బండిని ఇంకెవరికీ ఇవ్వలేదు, నేనే నడిపాను. దాంతో సరిపోయిందనుకున్నాను. నా మోకాలు పోగానే అదీ లేకుండా పోయింది. కొత్త కుర్రాడు దిగాడు. అతనికి నా తరఫున క్షమాపణ చెప్పు. వచ్చాక నేనూ చెబుతాను.

కాగితం ఇవ్వకు, ఆగు అన్నది నీ మంచికే రాశానని ఇప్పుడు చెబితే బాగుంటుంది. అప్పటికి భయంతో రాశాను. నీ ఉత్తరం చదివాకనే అర్థమైంది, అది నీ సంతకంతో వెళితే నీ లైసెన్సు మొదటి పేజీలో నా తప్పు ఉంటుందని. అందుకే నీకంటే ముందు వెళ్ళాను. పోటీలో ఒక్క నాలుగు రోజులు గెలిచాను. ఈ వయసులో అది చాలు.

పైపుల ఆలోచన చాలా బాగుంది. పదకొండేళ్ళలో నాకు రాలేదు, నీకు వారంలో వచ్చింది. ఇది మెచ్చుకోలు. ఆ రోజు ఏడో నట్టుకి చెప్పవలసింది కూడా ఇందులో కలుపుకో.

పలక తీసి సంఘం వాళ్ళకు తిరిగి ఇచ్చెయ్యి. మేకు ఉంచు. నీ లైసెన్సు నకలు దానికి తగిలించు.

అధికారి నకలు తీసుకుని ఆకుపచ్చ పుస్తకం నాకే ఇచ్చాడు. ఈ రోజు పొద్దున దాన్ని తెరిచి, ఆ వరుసలో చివరి గడి పూర్తిచేశాను. సరిచేసినవారు: కోడలు. సిరా ఆరేదాకా పుస్తకం మూయలేదు.

మామయ్య